దారిన పోయే దానయ్యకు ఏ పద్దు?

మేం వేయించిన బాట మొదట్లో ఒక బోర్డు నిలబెట్టాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, చుట్టూ ఇనుప యాంగిల్ ఫ్రేము. నిధులిచ్చిన వాళ్ల పేరు పెద్ద అక్షరాల్లో, దాని కింద మూడు లోగోలు, ఇంకా కింద బాట పొడవు, పని పూర్తయిన నెల. రెండు వర్షాకాలాలు తడిసినా ఆ బోర్డు మీద ఒక్క అక్షరం చెరగలేదు. చెరిగిపోయింది బాటే. బోర్డు దాటి నూట యాభై మీటర్లు నడిస్తే, నేల కాస్త కిందికి దిగే చోట, కంకరంతా వాగులోకి జారిపోయి నాలుగడుగుల గండి పడింది. దానికి అటూ ఇటూ కలిపి ఓ ముప్ఫై మీటర్లు బురద.

ఆ గండి దగ్గర రోజూ పొద్దున ఒక తంతు జరుగుతుంది. వయసులో ఉన్నవాళ్లు పెద్ద అంగ వేసి దాటేస్తారు. సైకిల్ వాళ్లు దిగి, సైకిల్ భుజానికెత్తుకుంటారు. పసిపిల్లల్ని తోపుడు బండిలో తెచ్చే తల్లులు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతారు. చక్రాల కుర్చీలో వచ్చే ఒకాయన గండి పడ్డాక ఒక్కసారే వచ్చారు. కాసేపు దాన్నే చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. మళ్లీ కనిపించలేదు.

మొత్తం బాట ఆరు వందల మీటర్లు. పాడైంది ముప్ఫై. అంటే తొంభై అయిదు శాతం బాగానే ఉందని రిపోర్టులో రాసుకోవచ్చు. నేనే రాశాను కూడా. కానీ అంగ వెయ్యలేని మనిషికి ఆ తొంభై అయిదు శాతంతో ఏం పని?

ఇది ఎవరో అన్యాయం చేశారని చెప్పుకునే ఏడుపు కాదు. తప్పులో సగం మాది. మిగతా సగం డబ్బు వచ్చే పద్ధతిది. ఆ రెండో సగం గురించే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఎందుకంటే, నడిచేవాళ్ల కోసం, సైకిళ్ల కోసం, చక్రాల కుర్చీల కోసం ఊళ్లు, కాలనీలు, సంఘాలు ఎక్కడ బాట వేసుకున్నా ఇదే కథ. పేర్లు మార్చుకుంటే చాలు.

ముందు మా తప్పు. మేం పదిహేను మందిమి. నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, పిల్లల్ని బడికి మెయిన్ రోడ్డు మీదుగా పంపడానికి భయపడే తల్లిదండ్రులు. దరఖాస్తు పెట్టాం, కొటేషన్లు తెచ్చాం. మొదటి ఎస్టిమేటులో ఆ పల్లం దగ్గర ఒక తూము ఉంది: రెండు సిమెంటు పైపులు, వాటికి అటూ ఇటూ చిన్న గోడలు. లెక్క కూడితే నిధి పరిమితి దాటింది. ఏదో ఒకటి తీసెయ్యాలి. బోర్డు తియ్యడానికి లేదు, అది షరతుల్లో ఉంది. ప్రారంభోత్సవం ఖర్చు తియ్యడానికి లేదు, అదీ షరతుల్లో ఉంది. పొడవు తగ్గిస్తే దరఖాస్తులో రాసిన లక్ష్యం తప్పుతుంది. చివరికి తూము మీద అడ్డగీత గీసింది నేనే. "తరువాత చూద్దాంలే" అన్నాను. ఒక్కరూ కాదనలేదు.

మేస్త్రి మాత్రం పని మొదలైన రెండో రోజే పట్టుకున్నాడు. "సార్, ఇక్కడ నీళ్లు నిలుస్తాయి. రెండు పైపులు పడేసి పైన రోలింగ్ చేస్తే మీకు తలనొప్పి ఉండదు" అన్నాడు.

"ఎస్టిమేట్లో లేదు మేస్త్రీ."

"అయితే మీ ఇష్టం సార్." ఇంకో మాట అనలేదు. కానీ ఆ చోటు వచ్చినప్పుడల్లా కాలితో మట్టిని ఒకసారి తొక్కి చూసి ముందుకు పోయేవాడు.

ఆ పైన తొందర. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు బిల్లులు చూపించకపోతే మిగిలిన డబ్బు వెనక్కి పోతుంది. కంకర సరిగ్గా కుదురుకోకముందే రోలర్ తిప్పేశాం. ఫోటోలు బాగా వచ్చాయి.

గండి పడ్డాక మరమ్మతుకు డబ్బు అడుగుతూ ఉత్తరం రాశాం. మర్యాదగానే జవాబిచ్చారు. ఒక పనికి ఒకసారే నిధి ఇస్తామని, నిర్వహణ మీ బాధ్యతేనని మీరు సంతకం పెట్టారని గుర్తు చేశారు. నిజమే, పెట్టాం. దరఖాస్తు పదకొండో పేజీలో "పదేళ్ల పాటు నిర్వహణ చూసుకుంటాము" అన్న వాక్యం పక్కన చిన్న గడి ఉంది. అందులో టిక్కు పెడితే చాలు. ఏ డబ్బుతో చూసుకుంటారని ఎక్కడా అడగలేదు. మేమూ అడగలేదు.

నిర్వహణ అనగానే చాలామంది వాడకం వల్ల అరిగిపోవడం గురించి ఆలోచిస్తారు. బాటల విషయంలో అది పొరపాటు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో రోడ్ల మీద పెద్ద ప్రయోగం చేశారు. పరీక్ష కోసమే వేసిన రోడ్ల మీద ట్రక్కులను రకరకాల బరువులతో పగలూ రాత్రీ తిప్పి, ఎంత బరువుకు రోడ్డు ఎంత చెడుతుందో కొలిచారు. ఆషో రోడ్ టెస్ట్ అంటారు. అందులోంచి వచ్చిందే ఇంజినీర్లు ఇప్పటికీ చెప్పుకునే నాలుగో ఘాతం లెక్క: ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. ఇదే లెక్క సైకిలుకు వేసి చూడండి. ఒకటిన్నర టన్నుల కారులో ఒక్కో ఇరుసు మీద 750 కిలోలు. మనిషితో కలిపి వంద కిలోల సైకిలులో ఒక్కో చక్రం మీద 50. పదిహేను రెట్ల తేడా. పదిహేనును నాలుగుసార్లు వేసి గుణిస్తే యాభై వేల పైచిలుకు. సైకిలు చేసే నష్టానికి కారు చేసేది అన్ని రెట్లన్నమాట. సైకిళ్ల స్థాయికి సరిగ్గా సరిపోయే లెక్క కాదనుకోండి, కానీ సంగతేమిటో తెలుస్తుంది. జనం నడిస్తేనో, సైకిల్ తొక్కితేనో బాట చెడదు.

మరి దేనివల్ల చెడుతుంది? నీళ్లు. చెట్ల వేళ్లు. అంచుల నుంచి పాక్కుంటూ వచ్చే గడ్డి. అప్పుడప్పుడు, అడ్డదారని లోపలికి దూరే ఒక ట్రాక్టరు. బాటకు అడ్డంగా మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు ఇస్తారు. నడిచేవాడికి అది తెలియను కూడా తెలియదు, కానీ నీళ్లకు తెలుస్తుంది. ఆ వాలు ఉన్నన్నాళ్లూ వాన నీళ్లు పక్కకు జారిపోతాయి. కాలం గడిచేకొద్దీ ఎండుటాకులు, మట్టి అంచున పేరుకుని, దాని మీద గడ్డి మొలిచి చిన్న గట్టులా తయారవుతుంది. ఇక నీళ్లు పక్కకు పోలేవు, బాట పొడవునా పారతాయి. పారే నీళ్లు మొదట సన్న పొడిని, తరువాత గులకను, చివరికి కంకరను తీసుకుపోతాయి. ఇదంతా ఒక్క వానలో జరగదు. మొదటి వాన తరువాత పార పట్టుకుని ఒక మనిషి అరగంట కూర్చుంటే ఆగిపోయే పని. రెండేళ్లు ఆ అరగంట ఎవరూ పెట్టకపోతే మా గండి లాంటిది పడుతుంది. అప్పుడు టిప్పరు కావాలి, రోలరు కావాలి, మళ్లీ దరఖాస్తు కావాలి.

నా గొడవంతా ఆ అరగంట గురించే. బాట పుట్టడానికి డబ్బు దొరుకుతోంది. పెద్ద మొత్తం కాకపోవచ్చు, కష్టపడి తెచ్చుకోవాల్సి రావచ్చు, కానీ దొరుకుతోంది. ఆ అరగంటకు మాత్రం డబ్బు లేదు. లారీకి, కారుకు, రైలుకు పద్దులున్నాయి. దారిన పోయే దానయ్యకు మాత్రం ఒకసారి విరాళమే గానీ పద్దు లేదు.

దీనికి అతి పెద్ద ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. 1977లో బ్రిస్టల్ నగరంలో కొందరు సైకిల్ ప్రియులు సైకిల్‌బ్యాగ్ అనే చిన్న గుంపుగా కూడారు. మూతపడిన రైలు మార్గం ఒకటి ముళ్ల పొదలు పట్టి ఉంటే దాన్ని సైకిల్ బాటగా మార్చాలనుకున్నారు. 1979లో పని మొదలైంది, చాలా భాగం వలంటీర్ల చేతుల మీదుగానే. 1986కి బ్రిస్టల్ నుంచి బాత్ దాకా దాదాపు 21 కిలోమీటర్ల బాట పూర్తయింది. ఆ గుంపే తరువాత సస్ట్రాన్స్ అనే సంస్థ అయింది. 1995లో నేషనల్ లాటరీ సొమ్ములోంచి వాళ్లకు నాలుగు కోట్లకు పైగా పౌండ్లు వచ్చాయి. పలుగూ పారా పట్టుకుని మొదలైన గుంపు దేశమంతటికీ సైకిల్ నెట్‌వర్క్ వెయ్యబోతోంది! చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించే కథ ఇది.

ఆ తరువాతి కథ అంతగా ఎవరూ చెప్పరు. 2018లో ఆ సంస్థే తన నెట్‌వర్క్ మొత్తాన్ని తనిఖీ చేయించి ఫలితాన్ని దాచకుండా బయటపెట్టింది. 26 వేల కిలోమీటర్లకు పైగా ఉన్న నెట్‌వర్క్‌లో 42 శాతం "చాలా అధ్వానం". నడకకు, సైకిలుకు అడ్డం పడే గేట్లు, స్తంభాలు, మెలికలు 16 వేలకు పైగా తేలాయి. 2020లో దాదాపు నాలుగో వంతు మార్గాన్ని నెట్‌వర్క్‌లోంచి తీసెయ్యడమో, వేరే వర్గంలోకి మార్చడమో చేశారు. న్యాయంగా చెప్పాలంటే అధ్వానమన్న దానిలో చాలా భాగం వాహనాలతో కలిసి పోవాల్సిన రోడ్డు ముక్కలు. అంటే మొదట్లోనే డబ్బు చాలక, మ్యాపు మీద గీత గీసి, బోర్డు పెట్టి కలిపేసిన చోట్లు. మా తూముకు అన్నగారి వరస అన్నమాట.

అందుకే ప్రభుత్వాలు పెద్ద అంకెలు ప్రకటించినప్పుడు నేను ముందు ఒకటే చూస్తాను: ఇది ప్రతి ఏడూ వచ్చేదా, ఒక్కసారి వచ్చేదా? 2016లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం, దేశాలు రవాణా బడ్జెట్‌లో కనీసం 20 శాతం నడకకు, సైకిలుకు పెట్టాలని సూచించింది. 2020లో ఐర్లండ్‌లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ మాటను పట్టించుకుంది. ఏటా 36 కోట్ల యూరోలు, రవాణా పెట్టుబడి వ్యయంలో 20 శాతం. ఏటా అన్న మాట కనబడగానే నాకు ఆనందమైంది. కానీ పక్కనే ఇంకో మాట ఉంది చూడండి: పెట్టుబడి వ్యయం. అంటే కొత్తగా కట్టే వాటికి. అంత మంచి నిర్ణయంలో కూడా అరగంట పార పనికి చోటు ఈ పద్దులో కాదు, ఇంకెక్కడో వెతుక్కోవాలి. స్కాట్లండ్ 2021లో, 2024-25 కల్లా రవాణా బడ్జెట్‌లో పదో వంతు ఇస్తామంది. ఆ ఏడు వచ్చింది, పోయింది, అంకె మాత్రం రాలేదు.

మాటకన్నా చట్టం నయం. వేల్స్‌లో 2013లో చేసిన యాక్టివ్ ట్రావెల్ చట్టం స్థానిక సంస్థల మెడకు ఒక పని కట్టింది: నడక, సైకిల్ మార్గాలను మ్యాపుల్లో చూపించాలి, ఏడాదికేడాది మెరుగుపరుస్తూ పోవాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో అంతకు చాలా ముందే, 1949 చట్టంతో, జనం నడిచే హక్కున్న దారులన్నింటినీ అధికారిక మ్యాపుల్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. పొలం మధ్యలోంచి పోయే అడుగు వెడల్పు కాలిబాట కూడా చట్టం కళ్లకు హైవేనే. దాన్ని నడవదగ్గట్టు ఉంచే బాధ్యత స్థానిక హైవే అధికారులది. అన్ని దారులూ అద్దంలా ఉన్నాయని కాదు, అక్కడా ముళ్ల పొదల గోల ఉంది. కానీ ఫోన్ చేసి "మీ బాట పాడైంది" అనడానికి ఒక మనిషి ఉన్నాడు. మా బాట పాడైతే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి? నాకే.

ఇక దరఖాస్తుల సంగతి. అడక్కుండా చెబుతున్నాననుకోకండి, ఈ కడుపుమంట ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాను?

"రోజుకు ఎంతమంది వాడతారు?" అనేది మొదటి ప్రశ్న. లేని బాటను ఎంతమంది వాడతారో లెక్కపెట్టడానికి ఇద్దరం నోటు పుస్తకాలు పట్టుకుని పొద్దున్నే ఆరు గంటలకు వాగు గట్టున కూర్చున్నాం. రెండు గంటల్లో నలభై ఒక్కమంది. గడ్డిలో జనం తొక్కీ తొక్కీ పడిన చాళ్లు, అరడుగు వెడల్పు పిల్లబాట మాకు కనిపిస్తూనే ఉంది. అన్నిటికన్నా నమ్మదగిన సర్వే అదే, జనం కాళ్లతో వేసిన ఓటు. దానికి ఫారంలో గడి లేదు. మెయిన్ రోడ్డు మీద లారీల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సైకిల్ తొక్కే పిల్లలు ఆ నలభై ఒక్కరిలో లేరు. బాట ఉంటే వచ్చేవాళ్లు వాళ్లే.

రెండో ప్రశ్న ఆరోగ్య లాభం విలువ. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన హీట్ అనే లెక్కల పనిముట్టు ఉంది. ఎంతమంది ఎంతసేపు నడుస్తారో, సైకిల్ తొక్కుతారో చెబితే, దానివల్ల తప్పే మరణాల విలువను డబ్బులో చూపిస్తుంది. నిజంగా తెలివైన పనిముట్టు. రోడ్లకు సమయం ఆదా లెక్కలు ఉన్నట్టు నడకకూ ఒక లెక్క చూపించే దారి దొరికింది. కానీ అది నడకకు 20 నుంచి 74 ఏళ్లు, సైకిలుకు 20 నుంచి 64 ఏళ్ల వాళ్లనే లెక్కలోకి తీసుకుంటుంది. దానికి గణాంక కారణాలు ఉన్నాయి, తప్పు పట్టను. మా బాట మీద మాత్రం ఎక్కువగా తిరిగేది బడి పిల్లలు, డెబ్బై అయిదు దాటిన పెద్దవాళ్లు. ఎవరి కోసం బాట అడిగామో వాళ్ల విలువ సున్నా అని తేలింది. ఆ సున్నా ముందు కూర్చుని మేం కాసేపు నవ్వుకున్నాం.

మూడోది అసలైన ముల్లు: ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు చూపించండి, తరువాత ఇస్తాం. దాంతోపాటు మీ వంతు వాటా. అమెరికాలో 1991లో వచ్చిన ఐస్‌టీ అనే చట్టం రోడ్ల సొమ్ములో కొంత భాగాన్ని సైకిల్ బాటలకూ, పాత రైలు మార్గాలను బాటలుగా మార్చడానికీ వాడుకునే వీలు కల్పించింది. అక్కడ ఈ రంగానికి అంత డబ్బు తలుపు తెరిచింది అదే. కానీ అందులో కూడా మామూలుగా అయిదో వంతు స్థానికులు తెచ్చుకోవాల్సి వచ్చేది, మిగతాది ఖర్చు పెట్టాకే తిరిగి వచ్చేది. మా గుంపులో ముగ్గురికి బ్యాంకులో కాస్త డబ్బు ఉంది కాబట్టి మూడు నెలలు సర్దాం. ఆ ముగ్గురూ లేని గుంపు? సరిగ్గా బాట అవసరం ఎక్కువున్న చోట, బండి కొనలేక నడిచేవాళ్లు ఉండే చోట, అలాంటి ముగ్గురు దొరకరు. ఫారాలు బాగా నింపగలిగిన వాళ్లకు బాటలొస్తున్నాయి. నేను బాగా నింపుతాను. అది నా గొప్ప కాదని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

భూమి గురించి ఎక్కువ రాయను. అదొక మహాసముద్రం. ఒక్కటి మాత్రం చెబుతాను. ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దాకా 1937లో మూతపడిన రైలు మార్గం మీద 42 కిలోమీటర్ల బాట వేశారు. 2011లో పూర్తయింది. ఆ పాత పట్టాల నేల ఎప్పుడో రైతుల చేతుల్లోకి పోయింది. వందకు పైగా భూయజమానులు దారి ఇవ్వడానికి ఒప్పుకున్నారు, అమ్మలేదు, హక్కు రాసివ్వలేదు, అనుమతి ఇచ్చారంతే. ఎంత మాట్లాడి ఉంటారో, ఎన్ని ఇళ్ల గుమ్మాల్లో కూర్చుని ఉంటారో ఊహించుకోండి. ఆ మాటలన్నిటికీ ఏ నిధి ఇచ్చేవాళ్ల ఫారంలోనూ గడి ఉండదు. కంకరకు ఉంటుంది.

"నిర్వహణదేముంది, జనమే చేసుకోవాలి, శ్రమదానం చెయ్యండి" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చేశాం. మొదటి ఆదివారం ఇరవై ఇద్దరు వచ్చారు, పారలు చాలలేదు. రెండో ఆదివారం తొమ్మిది మంది. అయిదో ఆదివారం నేను, ఇంకొకాయన, ఆయన కుక్క. శ్రమదానం మీద నాకు గౌరవం ఉంది, బ్రిస్టల్ బాట అలాగే మొదలైంది. కానీ అది మొదలుపెట్టడానికి సరిపోతుంది. వాన పడ్డ రాత్రి మర్నాడు, పండగ రోజు, ఆఫీసు రోజు, ఎవరికీ ఉత్సాహం లేని రోజు పార పట్టుకుని వెళ్లేది జీతం ఉన్న మనిషే. రైలు పట్టాలను చూడండి. ప్రతి ముక్కకూ ఒక గ్యాంగ్ ఉంటుంది, రోజూ పట్టా వెంట నడిచి చూసే కీమ్యాన్ ఉంటాడు. సాగునీటి కాలువకు లస్కరు ఉంటాడు. ఇంగ్లండ్‌లో వుస్టర్‌షైర్ లాంటి చోట్ల పల్లెల్లోని రోడ్డు పక్క కాలువలు, గడ్డి, బోర్డులు చూసుకోవడానికి లెంగ్త్స్‌మన్ అనే పాతకాలపు ఉద్యోగాన్ని మళ్లీ పెట్టారు. స్థానికంగా ఒక మనిషి, కొన్ని గంటలు, జీతం. రైలుకూ నీళ్లకూ మనిషిని పెట్టడం వింతగా అనిపించనప్పుడు, మనుషులు నడిచే దారికి ఒక మనిషిని పెట్టమంటే దుబారా ఎలా అవుతుంది?

బాటకొక లస్కరును పెట్టండి. నేను అడిగేది ఇదే. ఒక్కో బాటకు కాకపోతే పది బాటలకు ఒకరు. వారానికి ఒకసారి పొడవునా నడిచి, అంచులు చెక్కి, తూముల్లో ఇరుక్కున్న కవర్లు లాగి, విరిగిన కొమ్మ పక్కకు తీసే మనిషి. కొత్త బాటల నిధిలోంచి కొంత కోసి ఇమ్మన్నా నాకు అభ్యంతరం లేదు. దానివల్ల కొత్త బాటలు తగ్గుతాయి. తగ్గనివ్వండి. ఆరు వందల మీటర్లు వేసి పోగొట్టుకునే బదులు నాలుగు వందలు వేసి నిలబెట్టుకోవడం మేలని రెండేళ్ల కిందట అంటే నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ డబ్బు ఎక్కడి నుంచి అంటే, దారులు లేకపోలేదు. అమెరికాలో చాలా నగరాల్లో ఇంటి ముందు కాలిబాట బాగు చేయించుకోవడం ఆ ఇంటి యజమాని పని. ఫలితం, డబ్బున్న వీధిలో నున్నటి రాళ్లు, లేని వీధిలో గుంతలు. డెన్వర్ నగరం కూడా అలాగే ఉండేది. 2022 నవంబరులో అక్కడి ఓటర్లు ఆ పద్ధతిని ఓటుతో మార్చారు. మరమ్మతు నగరం చేస్తుంది, అందుకు ఆస్తిదారులంతా ఏటా రుసుము కడతారు. మొదట ఇంటి ముందు కాలిబాట నిడివిని బట్టి రుసుము అన్నారు. రెండు వీధులు కలిసే మూలన స్థలం ఉన్నవాళ్లకు తడిసి మోపెడవుతుందని గోల పుట్టింది, సవరించి ఎక్కువ ఇళ్లకు ఏటా 150 డాలర్ల రుసుముగా మార్చారు. 2025 నుంచి వసూలవుతోంది. నాకు నచ్చింది ఆ గోలే. కాలిబాట డబ్బు గురించి ఒక నగరమంతా కూర్చుని కొట్లాడుకుందంటే, దానికి ఒక పద్దు పుట్టినట్టే. నీళ్ల బిల్లు మీద కొట్లాడుకోమా? అలా.

"నడిచేవాళ్లు ఎక్కడైనా నడుస్తారు, వాళ్లకింత అవసరమా" అనే వాదన కూడా ఉంది. దీనికి జవాబు చెప్పాలంటే నాకు ఓపిక తక్కువ. నడిచేవాళ్లు ఎక్కడైనా నడవరు. వాళ్లు నడక మానేస్తారు. ముందు ముసలివాళ్లు మానేస్తారు, తరువాత పిల్లల్ని మాన్పిస్తారు. మానేసినవాళ్లు ఎవరికీ ఫిర్యాదు చెయ్యరు కాబట్టి ఏ ఫైల్లోనూ కనిపించరు.

మా తప్పు ఇంకొకటి మిగిలింది, అదీ చెప్పేస్తాను. మోటారు సైకిళ్లు లోపలికి రాకుండా బాట మొదట్లో రెండు ఇనుప స్తంభాలు పాతించాం. ఎంత ఎడం పెట్టాలో ఎవరూ ఆలోచించలేదు. సైకిల్ హ్యాండిలు పట్టింది, చాలనుకున్నాం. మూడు చక్రాల సైకిల్ మీద వచ్చిన ఒకావిడ అక్కడ ఇరుక్కుని "బాబూ, ఇది నాలాంటి వాళ్లు రాకుండా పెట్టారా?" అని అడిగింది. మోటారు సైకిళ్లు మాత్రం పక్కనున్న గడ్డి మీదుగా హాయిగా తిరుగుతున్నాయి. ఒక స్తంభం పీకించాం. ఆ 16 వేల అడ్డంకుల లెక్క చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆవిడ గొంతే. ఒక్కో స్తంభం వెనక మాలాంటి మంచి మనుషుల కమిటీ ఒకటి ఉండే ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ దరఖాస్తు రాస్తున్నాం, వేరే చోటికి. ఈసారి ఎస్టిమేటు మొదటి వరుసలో తూము. రెండో వరుసలో ఒక మనిషి, వారానికి నాలుగు గంటలు, అయిదేళ్లు. ఆ రెండో వరుస "అర్హత లేని ఖర్చు" అని కొట్టేసే అవకాశమే ఎక్కువని తెలిసినవాళ్లు చెబుతున్నారు. కొట్టేస్తే పొడవు తగ్గించి మళ్లీ పెడతాం.

మొన్న పెద్ద వాన పడిన మర్నాడు అటు వెళితే, బాట మొదట్లో బోర్డు కనిపించలేదు. రెండు ఇనుప కాళ్లు మాత్రం నేలలో ఉన్నాయి, నట్లు ఎవరో పద్ధతిగా విప్పారు. ముందుకు నడిచాను. గండి మీద అడ్డంగా పరిచి ఉంది, రాతలు పైకి, కదలకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టి. నేను నిలబడి చూస్తుండగానే ఒక పిల్లవాడు బడి సంచీతో సైకిల్ దిగకుండా లోగోల మీదుగా అవతలికి వెళ్లిపోయాడు. వాడి వెనకే ఒకావిడ తోపుడు బండితో.

నిధులిచ్చిన వాళ్లు ఏటా బోర్డు ఫోటో పంపమంటారు. ఈ ఏటిది ఇంకా పంపలేదు.